చిన్న బైకు ఇంజిన్ కూర్చడానికి ఏ టార్క్ రెంచ్ కొనాలి?

స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండి ఇంజిన్ దించి, బోరు చేయించి, కొత్త పిస్టన్ వేసి మళ్లీ కూర్చాలనుకునేవారు పిస్టన్ ఏ కంపెనీది, రింగులు ఏ సైజువి అని రోజుల తరబడి వాకబు చేస్తారు. బోల్టును లెక్క ప్రకారం బిగించే పానా, అంటే టార్క్ రెంచ్ వంతు వచ్చేసరికి మాత్రం దుకాణదారు చేతికిచ్చింది తెచ్చుకుంటారు. అలా చేతికి వచ్చేది ఎక్కువసార్లు అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చతురస్రపు కొన) ఉన్న మూరెడు పొడవు రెంచ్. కారు చక్రాల నట్లకు అది సరైన పనిముట్టే. కానీ చిన్న ఇంజిన్‌లో దానికి తగిన నట్లు ఒకటో రెండో ఉంటాయి. మిగతా బోల్టులన్నీ దాని స్కేలు మొదలయ్యే చోటుకు దిగువనే ఉండిపోతాయి.

అందుకే రకం, బ్రాండు, ధర అన్న మూడింటికంటే ముందు రెంచ్ పరిధి చూడాలని గట్టిగా చెబుతాను. ఎంత మంచి రెంచ్ అయినా మన బోల్టు దాని పరిధిలో లేకపోతే అది ఉత్త ఇనుప కడ్డీ. మొదట ఇంజిన్‌కు ఏ కొలతలు కావాలో చూద్దాం. రెంచ్‌ల సంగతి ఆ తర్వాత.

## ఇంజిన్‌లో ఉండే బోల్టులు, వాటి బిగింపు

హోండా సర్వీస్ మాన్యువళ్లలో, ప్రత్యేకంగా విలువ ఇవ్వని బోల్టులకు ఒక సాధారణ పట్టిక ఉంటుంది. స్ప్లెండర్ ఇంజిన్ పుట్టింది హోండా కుటుంబంలోనే కాబట్టి దాన్నే ఆధారంగా తీసుకుంటున్నాను. విలువలు టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని కొలిచే న్యూటన్ మీటర్లలో ఉన్నాయి.

| మర వ్యాసం | బిగింపు |
|---|---|
| 5 మి.మీ. బోల్టు, నట్టు | 5 |
| 6 మి.మీ. బోల్టు, నట్టు | 10 |
| 6 మి.మీ. ఫ్లాంజ్ బోల్టు (తల కింద వెడల్పు అంచు ఉన్నది) | 12 |
| 8 మి.మీ. బోల్టు, నట్టు | 22 |
| 8 మి.మీ. ఫ్లాంజ్ బోల్టు | 26–27 |
| 10 మి.మీ. బోల్టు, నట్టు | 34 |
| 12 మి.మీ. బోల్టు, నట్టు | 54 |

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. మన షెడ్లలో బోల్టును దాని తలకు పట్టే పానా నంబరుతో పిలుస్తారు. ‘పది నంబరు బోల్టు’ అంటే చాలావరకు 6 మి.మీ. మర ఉన్నదే. మాన్యువల్‌లోని 10 మి.మీ. అంటే మర వ్యాసం. ఈ రెంటినీ కలిపేసి క్లచ్ కవర్ బోల్టుకు 34 న్యూటన్ మీటర్లు పెడితే బోల్టు తెగుతుంది, లేదా కేసింగ్‌లోని మర ఊడి వస్తుంది. పట్టికను గోడకు అంటించేటప్పుడు పక్కనే పానా నంబరు కూడా రాసుకోండి: 6 మి.మీ. మరకు 8 లేదా 10 నంబరు, 8 మి.మీ. మరకు సాధారణంగా 12 నంబరు.

ఇక ఏ బోల్టు ఎక్కడుందో చూడండి. క్రాంక్ కేసు రెండు భాగాలను కలిపేవి, క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్, ఆయిల్ పంపు, క్యామ్ స్ప్రాకెట్: వీటిలో అత్యధికం 5, 6 మి.మీ. బోల్టులే. హెడ్ నట్లు ఇంజిన్‌ను బట్టి 10 నుంచి 30 లోపు ఉంటాయి. ఆ అంకె మాత్రం మీ బండి మాన్యువల్ నుంచే తీసుకోవాలి. 10 మి.మీ. మర ఉన్న స్పార్క్ ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలని ప్లగ్ తయారీదారులు చెబుతారు. ఆయిల్ డ్రైన్ బోల్టుకు సాధారణంగా 20 నుంచి 30 మధ్య ఉంటుంది. 40 దాటేవి మాగ్నెట్ నట్టు, క్లచ్ నట్టు లాంటివి, ఇంజిన్ బయట చక్రాల ఇరుసు నట్లు. అంటే ఇంజిన్ పనిలో సింహభాగం 5 నుంచి 30 మధ్యే జరుగుతుంది.

ఆ తక్కువ విలువలే ఎందుకు ముఖ్యమో వివరంగా చెప్పాలి. 6 మి.మీ. ఉక్కు బోల్టు కూర్చునేది అల్యూమినియం కేసింగ్‌లో. ఎక్కువ బిగిస్తే ముందు ఓడిపోయేది అల్యూమినియమే. అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన పట్టు ఒక్కసారిగా ఆగుతుంది, పానా మెత్తగా తిరుగుతుంది. బోల్టు బయటికి తీస్తే దాని మరల మధ్య చుట్టుకున్న సన్నటి అల్యూమినియం తీగ కనిపిస్తుంది. అదే ఇంతకు ముందు కేసింగ్‌లో ఉన్న మర. ఆ తర్వాత సాధారణంగా మిగిలే దారి రంధ్రం పెద్దది చేసి హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే ఉక్కు తీగ చుట్ట) వేయించడం.

చేతి అంచనా ఎందుకు చాలదో లెక్క చూస్తే తెలుస్తుంది. 10 న్యూటన్ మీటర్లు రావాలంటే 15 సెంటీమీటర్ల చిన్న పానా చివర దాదాపు 6.8 కిలోల బలం పెట్టాలి. అదే 45 సెంటీమీటర్ల రెంచ్ చివరనైతే 2.3 కిలోలు చాలు. సంతలో ఉల్లిపాయల సంచి ఎత్తేంత బలం కూడా కాదది. మూరెడు రెంచ్ పట్టుకున్నవారికి ఆ కాస్త బలం పెట్టినట్టే తెలియదు, ఇంకా బిగించాలనే అనిపిస్తుంది.

## కొనేముందు చూడవలసినవి

పరిధిలో పై అంకె కంటే కింది అంకె ముఖ్యం. టార్క్ రెంచ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 6789 ప్రకారం రెంచ్‌ను గరిష్ఠ సామర్థ్యంలో 20, 60, 100 శాతాల దగ్గర పరీక్షిస్తారు. 200 న్యూటన్ మీటర్ల రెంచ్‌కు 20 శాతం అంటే 40. అంతకు కింద దాని మీద గీతలున్నా వాటికి హామీ లేదు. 25 న్యూటన్ మీటర్ల రెంచ్‌కు 20 శాతం అంటే 5. మన 6 మి.మీ. బోల్టు దాని నడిమధ్య పడుతుంది. రెంచ్ ఏదైనా గరిష్ఠాన్ని అయిదుతో భాగించండి. వచ్చిన అంకె కన్నా మీ బోల్టు విలువ ఎక్కువగా ఉంటేనే ఆ రెంచ్ దానికి పనికొస్తుంది.

కచ్చితత్వం తర్వాతి మాట. 10 న్యూటన్ మీటర్లకు మించిన సామర్థ్యం ఉన్న, పెట్టిన విలువ రాగానే ‘టక్’ మనే క్లిక్ రెంచ్‌లకు ఆ ప్రమాణం అనుమతించే తేడా 4 శాతం. 10 దగ్గర అది 9.6 నుంచి 10.4 వరకు. ఇంజిన్‌కు ఇది ధారాళంగా సరిపోతుంది. 2 శాతం, 1 శాతం అని పెద్ద అక్షరాల్లో వేసే ప్రకటనల కోసం అదనంగా ఖర్చుపెట్టనవసరం లేదు. నూనె రాసిన మరకూ రాయని మరకూ వచ్చే తేడా ముందు ఆ ఒకటి రెండు శాతాలు లెక్కలోకి రావు.

యూనిట్లు కూడా చూడండి. న్యూటన్ మీటర్లలో స్పష్టంగా గీతలున్నదే తీసుకోండి. పాత మాన్యువళ్లలో కిలోగ్రామ్-ఫోర్స్ మీటర్లు కనిపిస్తాయి. ఒకటి 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. అమెరికా మార్కెట్ కోసం చేసిన రెంచ్‌ల మీద అంగుళం-పౌండ్లు, అడుగు-పౌండ్లు ఉంటాయి. 12 న్యూటన్ మీటర్లు అంటే 106 అంగుళం-పౌండ్లు, కానీ అడుగు-పౌండ్లలో 9 లోపే. అంగుళానికీ అడుగుకూ పొరపాటు పడితే తేడా పన్నెండు రెట్లు.

ఇంజిన్ ఫ్రేములో ఉండగానే హెడ్ బిగించేవారికి చోటు కూడా సమస్యే. పెద్ద తల, పొడవాటి పిడి ఉన్న రెంచ్ పెట్రోల్ ట్యాంకు కింద తిరగదు. ఇంజిన్‌ను బల్ల మీద పెట్టుకుని కూర్చేవారికి ఈ బాధ లేదు.

## పావు అంగుళం క్లిక్ రెంచ్, 5 నుంచి 25 వరకు

చిన్న ఇంజిన్‌కు మొదట కొనవలసింది ఇదే. పిడి లోపల ఒక స్ప్రింగ్ ఉంటుంది. పిడి తిప్పితే స్ప్రింగ్ నొక్కుకుంటుంది, పెట్టిన విలువ దగ్గరకు రాగానే లోపలి దిమ్మె ఒరిగి ‘టక్’ మంటుంది. స్కేలు చూస్తూ బిగించనక్కర లేదు కాబట్టి బోల్టు మీదే దృష్టి పెట్టవచ్చు. క్లచ్ కవర్ బోల్టులను వరుసగా ఒకే విలువకు బిగించాలంటే దీన్ని మించినది లేదు.

దీని లోటుపాట్లు కూడా తెలుసుకోవాలి. 5, 6 న్యూటన్ మీటర్ల దగ్గర ఆ చప్పుడు చాలా సన్నగా ఉంటుంది. పక్కన కంప్రెసర్ తిరుగుతుంటే చెవికి అందదు, అరచేతికి తగిలే చిన్న కుదుపే ఆధారం. కొత్తగా కొన్నవారు మొదట ఒక చెడిపోయిన ఇంజిన్ బోల్టు మీద నాలుగైదు సార్లు బిగించి ఆ కుదుపు చేతికి అలవాటు చేసుకోవాలి. టక్ మన్నాక పిడి రెండు మూడు డిగ్రీలు వదులుగా కదిలి మళ్లీ గట్టిపడుతుంది. అక్కడ ఆపకుండా లాగితే రెంచ్ అడ్డుకోదు, మామూలు పానాలాగే బిగిస్తూ పోతుంది. ‘ఇంకోసారి టక్ మనిపిద్దాం’ అన్న అలవాటు కూడా మంచిది కాదు. ప్రతి అదనపు టక్‌తో బోల్టు కాస్త ముందుకు కదిలే అవకాశం ఉంది.

ఎక్కువ మంది తడబడేది స్కేలు చదవడంలో. గొట్టం మీద నిలువు గీతలు, పిడి అంచున గుండ్రంగా చిన్న అంకెలు ఉంటాయి. గొట్టం మీది గీతకు పిడి మీది అంకె కలిపితే అసలు విలువ వస్తుంది. ఒక చుట్టు ఎక్కువ తిప్పినా కంటికి పెద్దగా తేడా కనిపించదు. కిటికీలో అంకె కనిపించే రకం దొరికితే కాస్త ఎక్కువ పెట్టైనా అదే తీసుకోండి. చుట్టు తప్పే భయం ఉండదు.

పని అయ్యాక పిడిని స్కేలులోని కనిష్ఠ విలువకు తిప్పి పెట్టాలి. స్ప్రింగ్ నొక్కుకునే ఉంటే కాలక్రమంలో దాని బలం మారుతుంది. అలాగని కనిష్ఠం కన్నా కిందికి తిప్పితే లోపలి భాగాలు చోటు తప్పవచ్చు.

## మూడెనిమిదో వంతు క్లిక్ రెంచ్

డ్రైవ్ అంగుళంలో మూడెనిమిదో వంతు ఉన్న దీన్ని దుకాణాల్లో త్రీ బై ఎయిట్ అంటారు. ఇందులో రెండు తరహాలున్నాయి: 10 నుంచి 60 వరకు చూపేవి, 20 నుంచి 110 వరకు చూపేవి. బైకు పనికి మొదటిది మేలు. అయిదో వంతు లెక్క ప్రకారం 60 రెంచ్‌ను 12 నుంచి నమ్మవచ్చు. 8 మి.మీ. బోల్టులు, డ్రైన్ బోల్టు, మాగ్నెట్ నట్టు, క్లచ్ నట్టు అన్నీ దీనికి అందుతాయి.

‘ఒక్కటే కొంటాను, ఏది?’ అని అడిగేవారు సాధారణంగా దీని వైపే మొగ్గుతారు. అన్నింటికీ సరిపోతుందన్నట్టు కనిపిస్తుంది మరి. నేను ఒప్పుకోను. 10 న్యూటన్ మీటర్ల బోల్టులు దీని నమ్మకమైన హద్దుకు కాస్త దిగువన పడతాయి, ఇంజిన్‌లో ఎక్కువగా ఉన్నవీ, త్వరగా చెడేవీ అవే. మాగ్నెట్ నట్టు ఉక్కు మర మీద కూర్చుంటుంది కాబట్టి కొద్దిపాటి తేడాను ఓర్చుకుంటుంది. అల్యూమినియంలోని 6 మి.మీ. మర ఓర్చుకోదు. మాగ్నెట్ నట్టును మాత్రం వదులుగా వదిలేయవద్దు. అది సడలితే కింద మాగ్నెట్‌ను కదలకుండా పట్టి ఉంచే చిన్న తాళపు ముక్క (కీ) తెగి ఇగ్నిషన్ టైమింగ్ చెడుతుంది. ఆ ఒక్క నట్టు కోసం పెద్ద రెంచ్ ఎవరినైనా ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు. రోజంతా చేతిలో ఉండవలసిన చిన్న రెంచ్ మాత్రం సొంతం కావాలి.

## బీమ్ రెంచ్

చూడటానికి పాతకాలపు వస్తువులా ఉంటుంది. ఒక ఉక్కు కడ్డీ, దాని పక్కన తలకు అతికిన సన్నటి సూది, పిడి దగ్గర గీతల పలక. బిగించేటప్పుడు కడ్డీ వంగుతుంది, సూది నిటారుగానే ఉంటుంది. పలక మీద సూది ఎక్కడుందో అదే టార్క్. స్ప్రింగ్ లేదు, ఒరిగే దిమ్మె లేదు, బ్యాటరీ లేదు. కడ్డీ శాశ్వతంగా వంగేంత దుర్వినియోగం జరగనంతకాలం ఏళ్ల తరబడి మారకుండా ఉంటుంది. బలం పెట్టనప్పుడు సూది సున్నా మీద లేకపోతే దాన్ని నెమ్మదిగా వంచి సున్నాకు తెస్తే సరి. కుడి మర, ఎడమ మర రెండింటికీ పనిచేస్తుంది. చాలా క్లిక్ రెంచ్‌లు బిగించే దిశలోనే కొలుస్తాయి.

దీన్ని తీసిపారేసేవారు రెండు లోపాలు చూపిస్తారు. రెండూ నిజమే. సూదికి ఎదురుగా కన్ను పెట్టి చూడాలి, పక్కనుంచి చూస్తే అంకె మారుతుంది. ఫ్రేములో ఉన్న ఇంజిన్ కింది బోల్టుకు ఇలా కన్ను పెట్టడం కుదరదు. ఇంకొకటి, పిడి ఒక ఇరుసు మీద తేలుతూ ఉంటుంది. బలం సరిగ్గా ఆ ఇరుసు మీద పడేలా, పిడి చివరలు కడ్డీకి తగలకుండా లాగాలి. ఎక్కడంటే అక్కడ పట్టుకుంటే అంకె తప్పుతుంది.

ఇంజిన్‌ను బల్ల మీద పెట్టుకుని తొందర లేకుండా కూర్చేవారికి మాత్రం నేను దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. బిగింపు పెరుగుతున్న తీరు కళ్లముందు కనిపించడం ఇందులోని పెద్ద లాభం. సూది ఒకచోట ఆగి బోల్టు మాత్రం తిరుగుతూనే ఉంటే మర పోతోందని అర్థం. అక్కడే ఆపవచ్చు. క్లిక్ రెంచ్ ఈ హెచ్చరిక ఇవ్వదు. పెట్టిన విలువ ఎప్పటికీ రాదు కాబట్టి టక్ మనదు, మనం లాగుతూనే ఉంటాం.

## డయల్, డిజిటల్, మిగతావి

గడియారం లాంటి ముఖం ఉన్న డయల్ రెంచ్ కొలతకు చాలా మంచిది, ముఖ్యంగా ఒక షాఫ్టు ఎంత బలానికి తిరుగుతోందో కొలవడానికి. ధర ఎక్కువ, కింద పడితే ఖరీదైన రిపేరు. ఇంజిన్ కూర్చే పనికి దీని అవసరం రాదు.

డిజిటల్ రెంచ్ అంకె చూపిస్తుంది, పెట్టిన విలువ దగ్గర బీప్ కొడుతుంది, యూనిట్లు మీట నొక్కితే మారతాయి. స్కేలు తప్పుగా చదివే భయం పోతుంది. పరిధి నియమం దీనికీ వర్తిస్తుంది. 135, 200 అని గొప్పగా రాసి ఉన్న డిజిటల్ రెంచ్ 10 న్యూటన్ మీటర్ల దగ్గర కూడా అంకె చూపిస్తుంది. తెర మీద దశాంశాలతో కనిపించినంత మాత్రాన ఆ అంకె నిజం కాదు. ఏ విలువ నుంచి ఏ విలువ వరకు ఎంత శాతం తేడా అన్నది వివరాల పత్రంలో చదవండి. కొన్ని నెలలు వాడకపోతే బ్యాటరీ తీసి పెట్టాలి, కారితే లోపలి సర్క్యూట్ పోతుంది. టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పాలని అడిగే ఇంజిన్‌లకు కోణం కొలిచే డిజిటల్ రెంచ్ ఉపయోగం. వంద సీసీ బండ్లలో ఆ అవసరం సాధారణంగా తగలదు.

రాట్చెట్‌కూ సాకెట్‌కూ మధ్య పెట్టే డిజిటల్ అడాప్టర్ తక్కువ ఖర్చులో వస్తుంది. అయితే సాకెట్ ఎత్తు పెంచుతుంది, ఆ ఎత్తు వల్ల రాట్చెట్ పక్కకు ఒరుగుతుంది. విలువ పెట్టినప్పుడు స్ప్రింగ్ నొక్కుకోని స్ప్లిట్ బీమ్ రకం క్లిక్ రెంచ్‌లకు పని అయ్యాక విలువ తగ్గించి పెట్టే బాధ లేదు కానీ చిన్న పరిధిలో అరుదుగా దొరుకుతాయి.

| రకం | 10 న్యూ.మీ. దగ్గర నమ్మకం | 50 న్యూ.మీ. దగ్గర | ఇరుకు చోటు | నిర్వహణ |
|---|---|---|---|---|
| పావు అంగుళం క్లిక్, 5–25 | చాలా బాగు | అందదు | బాగు | ఏటా పరీక్ష |
| త్రీ బై ఎయిట్ క్లిక్, 10–60 | అంచున | చాలా బాగు | పరవాలేదు | ఏటా పరీక్ష |
| అర అంగుళం క్లిక్, 40–200 | వద్దు | బాగు | కష్టం | ఏటా పరీక్ష |
| బీమ్, చిన్న పరిధి | బాగు | పరిధిని బట్టి | కష్టం | దాదాపు లేదు |
| డిజిటల్ | వివరాల పత్రం చూడాలి | బాగు | పరవాలేదు | బ్యాటరీ, ఏటా పరీక్ష |

## ఎవరికి ఏది

సొంత బండి ఇంజిన్ ఒక్కసారి కూర్చి చూడాలనుకునేవారు 5–25 పావు అంగుళం క్లిక్ ఒక్కటి కొంటే చాలు. పెద్ద నట్లకు తెలిసిన మెకానిక్ దగ్గర రెంచ్ అడగండి. డబ్బు ఇంకా తక్కువలో తేల్చాలంటే చిన్న పరిధి బీమ్ రెంచ్ తీసుకోండి. మరీ చౌకగా దొరికే పేరు తెలియని క్లిక్ రెంచ్ కన్నా మామూలు బీమ్ రెంచ్ మేలు, ఎందుకంటే అది తప్పు చూపిస్తే కంటికి తెలుస్తుంది.

పాత బండ్లు కొని బాగుచేసే సరదా ఉన్నవారికి పావు అంగుళం, త్రీ బై ఎయిట్ జత సరైనది. 25 దగ్గర మొదటిది ఆగితే రెండోది అందుకుంటుంది. బుల్లెట్ లాంటి బరువైన బండి కూడా ఉంటే ఇరుసు నట్ల కోసం అర అంగుళం రెంచ్‌ను మూడోదిగా కొనుక్కోవచ్చు. మొదటిదిగా మాత్రం వద్దు.

షెడ్డు నడిపే మెకానిక్‌ల సంగతి వేరు. చేతికి అలవాటైన బిగింపు మీద వారికి నమ్మకం ఉంటుంది, ఆ నైపుణ్యాన్ని నేను గౌరవిస్తాను. కానీ షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడి చేయి, సాయంత్రానికి అలసిన చేయి, నూనె అంటిన చేయి ఒక్కలాగే బిగించవు. అక్కడ వేగం ముఖ్యం కాబట్టి క్లిక్ రెంచ్‌లు రెండు పనికి పెట్టి, ఒక బీమ్ రెంచ్‌ను ఎవరూ ముట్టకుండా పక్కన ఉంచుకోవాలి. నెలకోసారి క్లిక్ రెంచ్ సరిగ్గా ఉందా అని దానితో పోల్చి చూసుకోవచ్చు.

## నమ్మవచ్చా అని ఇంట్లోనే చూసుకోవడం

రెంచ్‌ను 5,000 బిగింపులకో ఏడాదికో ఒకసారి పరీక్షింపజేయాలని ఐఎస్‌ఓ 6789 సూచిస్తుంది. పారిశ్రామిక వాడలున్న నగరాల్లో ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న కాలిబ్రేషన్ (కొలత సరిచూసే) ల్యాబులు ఈ పని చేస్తాయి. కొత్త రెంచ్‌తో పరీక్ష పత్రం వస్తే దాని మీది వరుస సంఖ్య, రెంచ్ మీద చెక్కిన సంఖ్య ఒకటేనా అని పెట్టె విప్పగానే చూడండి.

ల్యాబుకు పోలేనివారు ఇంట్లో ఒక మోస్తరుగా తేల్చుకోవచ్చు. రెంచ్ చతురస్రపు కొనను వైస్‌లో బిగించి పిడిని నేలకు సమాంతరంగా ఉంచండి. రాట్చెట్ బిగించే దిశలో ఉండాలి. 10 న్యూటన్ మీటర్లకు పెట్టి, పిడి మధ్యలో తాడుతో ఖాళీ బకెట్ వేలాడదీయండి. తాడు నుంచి కొన మధ్యకు దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. బకెట్‌లో నెమ్మదిగా నీళ్లు పోస్తూ ఉండండి. టక్ మనగానే ఆపి బకెట్‌ను నీళ్లతో సహా తూచండి. 5 కిలోలు తూగితే 5ను 9.81తో, ఆపైన 0.2తో హెచ్చించాలి. 9.8 వస్తుంది.

దీనికి రెంచ్ సొంత బరువు కలపాలి. చాలామంది మరిచేది ఇదే. రెంచ్‌ను వేలి మీద నిలబెట్టి అది ఎక్కడ తూగుతుందో చూడండి. 400 గ్రాముల రెంచ్ కొన నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర తూగితే దాని వాటా 0.4. మొత్తం 10.2. పెట్టింది 10 కాబట్టి తేడా 2 శాతం, నిశ్చింతగా వాడవచ్చు. అసలు కొలతకు ముందు అదే విలువ దగ్గర నాలుగైదు సార్లు టక్ మనిపించండి. చాలాకాలం పెట్టెలో ఉన్న రెంచ్‌లో లోపలి గ్రీజు సర్దుకోవడానికి అది అవసరం. ఇంజిన్ పని మొదలుపెట్టే రోజు కూడా ఇలాగే చేయాలి.

## మంచి రెంచ్‌నూ వమ్ముచేసేవి

బిగించే శ్రమలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన కొద్ది భాగమే. అందువల్ల మరకు నూనె రాస్తే అదే 10 న్యూటన్ మీటర్లకు బోల్టు మీద పడే లాగుడు బాగా పెరుగుతుంది. హెడ్ నట్లకు, మాగ్నెట్ నట్టుకు నూనె రాయమని మాన్యువల్ చెబితే రాయాలి, చెప్పని చోట పొడిగా శుభ్రంగా ఉంచాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిచి ఉంటే మరీ ప్రమాదం. బోల్టు దిగేకొద్దీ నూనె తప్పించుకోలేక కేసింగ్ పగిలిపోవచ్చు. బోల్టు పెట్టేముందు ప్రతి రంధ్రంలోకి గాలి కొట్టి, గుడ్డతో తుడిచి చూడండి.

హెడ్ నట్లను ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో పెంచుతూ బిగించాలి. ఇంతకు ముందే బిగిసి ఉన్న నట్టు మీద రెంచ్ పెట్టి టక్ మనిపించడం పరీక్ష కాదు. అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగిస్తేనే అసలు విలువ తెలుస్తుంది. వదులు చేయడానికి మాత్రం మామూలు పానాయే వాడండి. తుప్పు పట్టిన బోల్టు మీద టార్క్ రెంచ్ ప్రయోగిస్తే దాని పరిధి దాటిపోతుంది.

సాకెట్ పట్టని చోట పక్కకు పొడిగించే కొన తగిలిస్తే లెక్క మారుతుంది. రెంచ్ పొడవు 20 సెంటీమీటర్లు, పొడిగింపు 3 సెంటీమీటర్లు అయితే 10 కావలసిన చోట రెంచ్‌ను 10 × 20 ÷ 23, అంటే 8.7కు పెట్టాలి. అదే కొనను రెంచ్‌కు లంబంగా, 90 డిగ్రీల్లో తగిలిస్తే మార్చనక్కర లేదు. సాకెట్ కింద నిలువుగా పెట్టే పొడిగింపు కడ్డీ వల్ల విలువ మారదు, ఒరగకుండా రెండో చేత్తో తలను ఆనించి పట్టుకుంటే చాలు.

రెంచ్‌తో పాటు 8, 10, 12 నంబరు సాకెట్లు పావు అంగుళం డ్రైవ్‌లో కొనండి. 10 మి.మీ. మర ఉన్న ప్లగ్‌కు 16 నంబరు లోతు సాకెట్ కూడా కావాలి. ఇది సాధారణంగా త్రీ బై ఎయిట్‌లో దొరుకుతుంది కాబట్టి మార్చే అడాప్టర్ ఒకటి తీసుకోండి. ఆ అడాప్టర్ ఉంది కదా అని 14, 17 నంబరు పెద్ద సాకెట్లు తగిలించి చిన్న రెంచ్‌తో 25 దాటి బిగించవద్దు.